ఏ ఊరి దేశవాళీ?

మెల్‌బోర్న్ నగరానికి పడమటి శివారు టార్నీట్‌లో మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వెళ్లి రెండు నెలలు అక్కడే ఉన్నాను. ఇంట్లో అన్నీ అమిరాయి గానీ ఇంటి ముందు మాత్రం వట్టి మట్టి. ఆ లేఅవుట్ నిబంధనల ప్రకారం ఇంట్లో చేరిన కొద్ది నెలల్లోనే ముందు తోట పూర్తిచేయాలి. అందుకని ల్యాండ్‌స్కేపింగ్ చేసే ఒకాయనను పిలిపించారు. ఆయన కొలతలు తీసుకెళ్లి మర్నాడు ఒక జాబితా పంపాడు. లొమాండ్రా నలభై, లిల్లీ పిల్లీ పదిహేను, వెస్ట్రింజియా పన్నెండు, కంగారూ పా పది, గ్రెవిలియా నాలుగు. అడుగున ‘అన్నీ నేటివ్ మొక్కలే’ అని రాశాడు.

“చూశావా అక్కా, అన్నీ ఈ దేశపు మొక్కలే. నీళ్లు పెద్దగా అక్కర్లేదట, పిట్టలు కూడా వస్తాయట” అన్నాడు తమ్ముడు సంబరంగా.

మాది కడియం పక్క ఊరు. నర్సరీల మధ్యే పెరిగాం. మొక్కను చూడగానే ఎక్కడి సరుకని అడగడం మా వైపు అందరికీ అలవాటే. “ఈ దేశం అంటే ఎక్కడరా? ఇది మన దేశానికి రెండింతల పైన ఉంది కదా” అన్నాను. వాడు ఆ ల్యాండ్‌స్కేపర్‌కి ఫోన్ చేసి అడిగాడు. ఆయనకూ తెలియదు, నేటివ్ అంటే నేటివే అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నర్సరీలు తిరిగాను, పుస్తకాలు తిరగేశాను. మొక్కల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసేకొద్దీ ఆ జాబితా అలా ఎందుకుందో అర్థమైంది.

ముందు ఆ జాబితాలోని మొక్కల సొంత ఊళ్లు చూద్దాం. కంగారూ పా పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలలోని ఇసుక నేలల మొక్క. పెర్త్ నుంచి మెల్‌బోర్న్‌కు విమానంలో పోతే 2,700 కిలోమీటర్ల దూరం. లిల్లీ పిల్లీ మన నేరేడుకి దాయాది. వానలు బాగా పడే తూర్పు తీరపు అడవుల్లోది. వెస్ట్రింజియా సిడ్నీ వైపు సముద్రపు గాలి కొట్టే కొండ అంచుల మీద పెరుగుతుంది. లొమాండ్రా విక్టోరియాలో కూడా సహజంగా ఉండేదే. అయితే నర్సరీలో అమ్మేది దానిలోంచి ఏరి తీసిన ఒక ప్రత్యేక రకం. వీటన్నిటినీ కలిపి టార్నీట్‌లో ‘దేశవాళీ’ అనడం, కాశ్మీరు దేవదారుని రాజమండ్రిలో నాటి మన దేశపు చెట్టే కదా అన్నట్టు ఉంటుంది. మాటలో తప్పు లేదు. ఆ నేలకు, ఆ వానకు, అక్కడి పురుగుకూ పిట్టకూ మాత్రం ఆ మాటతో పని లేదు.

అందుకే ఆస్ట్రేలియా నర్సరీ వ్యాపారంలో రెండు మాటలు వాడతారు. దేశంలో ఏ మూల పుట్టినా ‘నేటివ్’. సరిగ్గా ఆ చుట్టుపక్కల నేలలోనే తరతరాలుగా పెరుగుతూ వచ్చిందైతే ‘ఇండిజినస్’. మనం మొదటిదాన్ని దేశవాళీ అనీ, రెండోదాన్ని ఊరి మొక్క అనీ చెప్పుకుందాం. పెద్ద దుకాణాల్లో బోర్డు మీద కనిపించేదంతా దేశవాళీయే. ఊరి మొక్క కావాలంటే వెతుక్కోవాలి.

టార్నీట్ ఊరి మొక్క ఏది? ఆ నేల చూడగానే నాకు మన రేగడి గుర్తొచ్చింది. ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే చెప్పులకు అంటుకుని వదలదు. ఊరికే అనిపించడం కాదు, రెండూ అగ్నిపర్వతపు రాయి శిథిలమై ఏర్పడిన నేలలే. మన దక్కను రేగడి బసాల్ట్ రాతి నుంచి వచ్చినట్టే, మెల్‌బోర్న్ పడమటి మైదానం కూడా లావా పరుచుకున్న నేల. దానిమీద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. కంగారూ గడ్డి అనే ఎర్రటి కంకుల గడ్డి, దాని మధ్య పసుపు, తెలుపు, ఊదా రంగుల చిన్న పూలమొక్కలు. ఆ మైదానంలో ఆదివాసీలకు ముర్నాంగ్ అనే దుంప ముఖ్యమైన ఆహారం. చామంతి జాతి మొక్క, పసుపు పువ్వు, అడుగున తెల్లటి చిన్న దుంపలు. 1835లో మెల్‌బోర్న్ స్థావరం ఏర్పడి గొర్రెల మందలు దిగాక కొద్ది ఏళ్లలోనే ఆ దుంప దాదాపు కనుమరుగైపోయింది. ఆ గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది 5 శాతం లోపే. 2008లో అక్కడి కేంద్ర ప్రభుత్వం దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న సహజ సముదాయంగా ప్రకటించింది. టార్నీట్, ట్రుగనీనా, వెరిబీ వైపు మనవాళ్లు వేలాదిగా ఇళ్లు కట్టుకుంటున్నది ఆ మైదానం మీదే.

మరి అక్కడి నర్సరీలో ఆ మైదానపు మొక్కలు వరుసలు తీరి ఉండాలి కదా, ఎందుకు లేవు? దీనికి జవాబు మొక్కను ఎవరు కొంటారన్న దాంట్లో ఉంది.

మనం నర్సరీ అనగానే ఒకటో రెండో కుండీలు కొనుక్కుని స్కూటర్ మీద పెట్టుకెళ్లే మనిషిని ఊహించుకుంటాం. ఆస్ట్రేలియాలో దేశవాళీ మొక్కలకు పెద్ద గిరాకీ వేరేచోట్ల నుంచి వస్తుంది. కొత్త రోడ్ల గట్లు, రైల్వే పక్క వాలులు, లేఅవుట్లలోని వాననీటి కుంటలు, కౌన్సిళ్ల పార్కులు, గనులు తవ్విన చోట తిరిగి అడవి పెంచే పనులు. వీటికి మొక్కలు వందల్లో కాదు, వేలల్లో, లక్షల్లో కావాలి. పని ఇలా నడుస్తుంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ నక్షా గీసి, ఏ మొక్క ఎన్ని, ఏ సైజు కుండీలో అని పట్టిక రాస్తాడు. కాంట్రాక్టర్ ఆ పట్టికకు ధర కడతాడు. భవనం పూర్తయ్యే వారంలో నర్సరీకి ఫోన్ చేసి, ఫలానా తారీఖుకి అయిదు వేల మొక్కలు లారీలో దిగాలంటాడు. ఆ రోజున సిద్ధంగా ఉన్న మొక్కే అమ్ముడవుతుంది. పట్టికలో రాసింది దొరక్కపోతే ‘దానికి బదులు ఇది’ అని ఇంకోటి దించుతారు. బదులుగా వచ్చేది ఎప్పుడూ అందరి దగ్గరా ఉండేదే.

కాబట్టి నర్సరీ యజమాని ఏం పెంచుతాడు? ఏ నేలలోనైనా బతికేది, ఏడాది పొడవునా ఒకేలా కనిపించేది, కొమ్మ ముక్కతోనో వేరు చీలికతోనో వేగంగా పెరిగేది. అయిదు వేలూ అచ్చు పోసినట్టు ఉండాలి. విత్తనం నుంచి వచ్చిన మొక్కలు ఒకే తల్లి పిల్లల్లా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అడవికి అదే బలం, కాంట్రాక్టర్‌కి మాత్రం తలనొప్పి. పడమటి మైదానపు పూలమొక్కల్లో చాలావాటికి ఇంకో చిక్కు ఉంది. వసంతంలో నాలుగు వారాలు కళకళలాడతాయి, ఎండాకాలం నేలలోకి అణగిపోతాయి. దుకాణంలో ఫిబ్రవరిలో చూస్తే చచ్చిపోయిన కుండీలా ఉంటుంది. ఎవరు కొంటారు?

తమ్ముడి జాబితాలోని లొమాండ్రా ఈ వ్యాపారపు తర్కానికి మంచి ఉదాహరణ. మామూలు లొమాండ్రా మోటు గడ్డి దుబ్బు, ఆకు అంచు కోసుకుంటుంది. దానిలోంచి సన్నని మెత్తని ఆకులున్న రకాన్ని ఏరి, ‘టనికా’ అనే పేరుతో ఓజ్‌బ్రీడ్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. వ్యాపారపు పేరు టనికా, రకం పేరు ఎల్‌ఎం300. రోడ్డు మధ్యన, పెట్రోలు బంకు పక్కన, స్కూలు గేటు దగ్గర అదే కనిపిస్తుంది. ఇలా కొత్త రకం తీసినవారికి 1994 నాటి మొక్కల పెంపకందారుల హక్కుల చట్టం 20 ఏళ్ల రక్షణ ఇస్తుంది, చెట్లకూ తీగలకూ అయితే 25 ఏళ్లు. ఆ కాలంలో వేరే నర్సరీ దాన్ని పెంచి అమ్మాలంటే అనుమతి తీసుకుని మొక్కకింత అని కట్టాలి. ఆ రాబడి ఉంది కాబట్టే సంస్థలు ఏళ్ల తరబడి రకాలను పరీక్షిస్తాయి, ప్రచారం చేస్తాయి, ఆర్కిటెక్టుల చేతికి పట్టికలు అందిస్తాయి. ముర్నాంగ్ తరఫున పట్టిక పట్టుకుని తిరిగేవాళ్లు ఎవరున్నారు? దాని మీద ఎవరికీ హక్కూ లేదు, ఎవరికీ ఆదాయమూ లేదు.

టనికాను నేను తప్పు పట్టడం లేదు. కొన్నేళ్ల కిందట అదే రోడ్డు మధ్యన ఏ పరాయి దేశపు గడ్డో ఉండేది, దానికి రోజూ నీళ్లు పోసేవారు. ఆ స్థితి నుంచి ఇక్కడికి రావడానికి కూడా చాలామంది కష్టపడ్డారు. వలస వచ్చిన ఇంగ్లీషువాళ్లకు గులాబీలు, ఓక్ చెట్లే తోట. స్థానిక మొక్కలను నర్సరీలు పెద్దగా పెంచేవి కావు. 1957లో ఆర్థర్ స్వాబీ చొరవతో ఆస్ట్రేలియా మొక్కలు పెంచేవారి సంఘం మెల్‌బోర్న్‌లో మొదలైంది. దుకాణంలో దొరకని విత్తనాలు సభ్యులు పోస్టులో ఒకరికొకరు పంపుకొన్నారు. 1960ల చివర, 70లలో ‘బుష్ గార్డెన్’ అనే మోజు వచ్చింది. అడవిని పెరట్లోకి తెచ్చినట్టుండే తోట. అయితే ‘నేటివ్ కదా, ఏమీ చేయనక్కర్లేదు’ అన్న అపోహ దాన్ని చెడగొట్టింది. చిన్న పెరట్లో నూరడుగులు పెరిగే యూకలిప్టస్ వేశారు, పొదలను కత్తిరించలేదు. పదేళ్లకు అవి కాళ్లు సాగి, మధ్యన బోడిగా అయ్యాయి. జనం విసిగి పీకేశారు. నర్సరీలకు ఆ చెడ్డపేరు చాలాకాలం అంటుకుంది. దాన్ని వదిలించింది కరువు. 1997 నుంచి 2009 దాకా ఆగ్నేయ ఆస్ట్రేలియాను పట్టి పీడించిన కరువులో, 2007 నాటికి మెల్‌బోర్న్‌లో పచ్చిక బయలుకు నీళ్లు పట్టడమే నిషేధించారు. నీళ్లు అడగని మొక్కలు ఎక్కడున్నాయని జనం వెతికారు. చిన్నగా, గుబురుగా, ఇంటి ముందు ఒదిగే రకాలు అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. ఇప్పటి వ్యాపారం అలా నిలబడింది.

ఈ మొక్కల్ని పెంచడంలో మన అలవాట్లు పనికిరావు. దాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను.

తమ్ముడి పెరట్లో అంతకుముందు నాటిన బ్యాంక్సియా ఒకటి ఉంది. మొండి ఆకులు, పొత్తికంకిలాంటి నిలువు పువ్వు పూసే మొక్క. నేను వెళ్లిన మొదటివారంలో అది నీరసంగా కనిపించింది. మన ఇంట్లో అయితే ఏం చేస్తాం? ఇంత ఎరువు వేస్తాం. గ్యారేజీలో కోళ్లపెంట గుళికల సంచి ఉంటే రెండు గుప్పిళ్లు మొదట్లో చల్లి, బాగా నీళ్లు పోశాను. మూడు వారాలకు కొత్త ఆకులు పాలిపోయాయి, పాత ఆకుల అంచులు మాడాయి. నెలన్నరకు ఎండిపోయింది.

కారణం తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆస్ట్రేలియా నేలల్లో చాలావరకు ఎంతో పురాతనమైనవి. కోట్ల ఏళ్లుగా వానకు కడిగి కడిగి వాటిలో భాస్వరం అడుగంటింది. ఆ లేమిలో బతకడానికి బ్యాంక్సియా, గ్రెవిలియా కుటుంబపు మొక్కలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. నేల పైపొరలో సీసాలు తోమే బ్రష్షులాంటి సన్నని వేళ్ల గుత్తులు పుట్టిస్తాయి. ఆ వేళ్లు ఆమ్లాలు వదిలి, మట్టి రేణువు పట్టుకున్న భాస్వరాన్ని కూడా విడిపించి పీల్చుకుంటాయి. పుట్టు దరిద్రంలో పెరిగిన మనిషి ఒక్క మెతుకు కూడా వదలనట్టు. అయితే చాలనుకున్నప్పుడు ఆపుకోవడం వాటిలో చాలావాటికి చేతకాదు. భాస్వరం ఎక్కువ పెడితే అంతా పీల్చేసుకుని విషమెక్కి చస్తాయి. కోళ్లపెంటలో భాస్వరం దండిగా ఉంటుంది. మన రైతులు వాడే డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది కదా, ఆ 46 భాస్వరం లెక్కే. అలాంటిది వీటి మొదట్లో పడితే ఇక చెప్పేదేముంది. అందుకే అక్కడి నర్సరీల్లో దేశవాళీ మొక్కలకు భాస్వరం తగ్గించిన మట్టి మిశ్రమం, ఎరువు వేరే సంచుల్లో అమ్ముతారు. అన్ని నేటివ్ మొక్కలూ ఇంత సుకుమారం కావు. లొమాండ్రా, లిల్లీ పిల్లీ తట్టుకుంటాయి. కొనేముందు అడిగి తెలుసుకోవడం మంచిది.

విత్తనం సంగతి ఇంకా ఆశ్చర్యం. సుబాబుల్ గింజను వేడినీళ్లలో వేసి నాటడం మనకు తెలిసిందే. అక్కడి తుమ్మ జాతి గింజలకూ అదే పద్ధతి. కానీ ఎన్ని తంటాలు పడినా మొలవని జాతులు వందలకొద్దీ ఉండేవి. అడవి తగలబడ్డాక మాత్రం అవే విరివిగా మొలిచేవి. వేడి వల్ల అనుకున్నారు చాలాకాలం. 1990లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు పొగ వల్లే మొలక వస్తుందని చూపించారు. పెర్త్‌లోని కింగ్స్ పార్క్‌లో కింగ్స్‌లీ డిక్సన్ బృందం ఆస్ట్రేలియా మొక్కల మీద దాన్ని పరీక్షిస్తే మొండి విత్తనాలు ఎన్నో లొంగాయి. 2004లో ఆ పొగలోని అసలు రసాయనాన్ని పట్టుకున్నారు. అలాంటి పదార్థాల కుటుంబానికి ‘కర్రికిన్’ అని పేరు. అక్కడి నూంగర్ ఆదివాసీల భాషలో పొగను కర్రిక్ అంటారు, ఆ మాటే పేరైంది. ఇప్పుడు నర్సరీల్లో పొగ నీళ్లు సీసాల్లో దొరుకుతాయి.

ఊరి మొక్కలు పెంచే నర్సరీలు వేరే తరహావి. చాలావరకు చిన్నవి, కొన్ని సహకార సంఘాలు, కొన్ని స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేవి. మెల్‌బోర్న్‌లో ఫెయిర్‌ఫీల్డ్‌లోని సహకార నర్సరీ, ఫర్న్‌ట్రీ గల్లీలో నాక్స్ పర్యావరణ సంఘపు నర్సరీ, పడమట సెయింట్ ఆల్బన్స్‌లో గడ్డి మైదానపు మొక్కలకు పేరుపడ్డ ఇరామూ ఇలాంటివి. నేను వెళ్లిన ఒక చిన్న నర్సరీలో షెడ్డు కింద డెబ్బై ఏళ్ల ఆవిడ స్టూలు మీద కూర్చుని నారు మారుస్తోంది. ఆమె చేతిలోది కుండీ కాదు, గొట్టం. చతురస్రంగా అయిదు సెంటీమీటర్లు, లోతు పన్నెండు సెంటీమీటర్లు, అడుగు తెరిచే ఉంటుంది. లోపలి గోడలకు నిలువు గీతలు. ఎందుకని అడిగితే, ఒకటి లాగి చూపించింది. వేళ్లు ఆ గీతల వెంట నిటారుగా కిందికి దిగాయి. అడుగున గాలి తగిలిన చోట కొన ఎండి ఆగిపోయింది. నేలలో పెట్టగానే అక్కడినుంచే ముందుకు సాగుతాయట. మన ప్లాస్టిక్ కవర్లలో మూడేళ్లు ఉంచిన మొక్కను విప్పితే వేళ్లు పాముచుట్టలా తిరిగి ఉంటాయి. నాటిన ఎన్నో ఏళ్లకు గాలివానలో అలాంటి చెట్టే వేళ్లతో సహా కూలుతుంది. ఆ గొట్టం మొక్కను ట్యూబ్‌స్టాక్ అంటారు, ధర మూడు నాలుగు డాలర్లు. పక్క దుకాణంలో పెద్ద కుండీ మొక్క దానికి నాలుగైదు రెట్లు. చిన్నదే నేలకు తొందరగా అలవాటుపడి, రెండు మూడేళ్లలో పెద్దదాన్ని అందుకుంటుందని ఆవిడ చెప్పింది. కడియం మనిషిగా ఆ మాట నేను ఒప్పుకుంటాను.

“నాకు నలభై ముర్నాంగ్ కావాలి” అన్నాను. “వచ్చే ఏడాదికా?” అంది ఆవిడ.

విషయమంతా ఆ ప్రశ్నలో ఉంది. ఊరి మొక్కకు విత్తనం ఆ చుట్టుపక్కల మిగిలిన పొలంగట్టు, రైలుకట్ట, శ్మశానం మూలల నుంచే రావాలి. సేకరించడానికి అనుమతి కావాలి. ఎండాకాలంలో గింజ పండిన కొద్దిరోజుల్లోనే కోయాలి, మొత్తం కోయకూడదు. తర్వాత నారు, గొట్టంలోకి మార్పిడి, మళ్లీ శరత్కాలపు వాన పడ్డాక నాట్లు. లారీ దిగే వారంలో ఫోన్ చేసే కాంట్రాక్టర్‌కీ, ఏడాది ముందు ఆర్డర్ కావాలనే నర్సరీకీ కుదరదు. కుదరాలంటే నక్షా గీసిన రోజే మొక్కలకు బయానా కట్టాలి. కొన్ని కౌన్సిళ్లు, రోడ్ల శాఖలు ఇప్పుడు అలా ముందస్తు ఒప్పందంతో పెంచిస్తున్నాయి. అందరూ అలా చేస్తే ఊరి మొక్క చవకవుతుంది కూడా. ఈ వ్యాపారంలో నిజంగా మారాల్సింది ఈ తారీఖే అని నా అభిప్రాయం.

ఊరి విత్తనమే వాడాలన్న నియమం మీద కూడా ఇప్పుడు వాదం నడుస్తోంది. మిగిలినవి పది మొక్కలే అయితే వాటి గింజలు మేనరికపు పెళ్లిళ్ల బాపతు, జవ తగ్గుతుంది. పైగా వాతావరణం వేడెక్కుతోంది. అందుకని కొందరు శాస్త్రజ్ఞులు ఊరి గింజకు, ఇంకాస్త వేడిగా పొడిగా ఉండే చోట పెరిగిన అదే జాతి గింజను కొంత కలపమంటున్నారు. ఇదీ సబబుగానే ఉంది. జాతి మాత్రం ఆ నేలదే కావాలి.

దేశవాళీ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన మొక్క ఎక్కడైనా మంచిదే అనుకోవడానికి లేదు. కూటముంద్రా తుమ్మ న్యూసౌత్ వేల్స్‌లో ఒక చిన్న ప్రాంతానిది. వెండి రంగు ఆకులు, పసుపు పూలు చూసి నర్సరీలు దేశమంతా అమ్మాయి. ఇప్పుడది చాలాచోట్ల అడవుల్లో చొరబడే కలుపు, దగ్గరి బంధువులైన అరుదైన తుమ్మలతో సంకరమయ్యే ప్రమాదం కూడా ఉంది. తూర్పు విక్టోరియా తడి అడవుల పిట్టోస్పోరమ్‌ను మెల్‌బోర్న్ ఇళ్ల చుట్టూ కంచెగా వేస్తే పక్క అడవుల్లోకి పాకి కింది మొక్కలకు వెలుగు లేకుండా చేసింది. ఇవి రెండూ నేటివ్ బోర్డు కింద అమ్మినవే.

మొక్కతోపాటు తెగులూ ప్రయాణిస్తుంది. 2010 ఏప్రిల్‌లో న్యూసౌత్ వేల్స్ తీరంలో మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు మొదటిసారి కనిపించింది. బ్రెజిల్‌లో 1884లో జామ మీద తొలిసారి గుర్తించిన తెగులు ఇది. లేత ఆకుల మీద పసుపు పొడి చల్లినట్టు ఉంటుంది. జామ, నేరేడు, యూకలిప్టస్, బాటిల్ బ్రష్ అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబమే ఆస్ట్రేలియా అడవికి వెన్నెముక. గాలి మోసింది కొంత, నర్సరీ లారీలు మోసింది కొంత. తూర్పు తీరమంతా పాకింది, అడవి జామ అనే ఒక జాతిని అంతరించే స్థితికి తెచ్చింది. మట్టి, నీటి ద్వారా పాకే తెగుళ్లు కూడా ఉంటాయి కాబట్టి అక్కడ మంచి నర్సరీలు కుండీలను నేలమీద పెట్టవు, బల్లల మీద పెడతాయి. నీటిని శుద్ధిచేసి వాడతాయి, తనిఖీలతో గుర్తింపు పొందుతాయి.

వ్యాపారం మొక్కను కాపాడిన సందర్భం కూడా ఒకటి చెప్పాలి. 1994 సెప్టెంబరులో డేవిడ్ నోబుల్ అనే పార్కు అధికారి సిడ్నీకి వాయవ్యంగా వొలెమై జాతీయ పార్కులో తాళ్లతో ఒక లోయలోకి దిగితే, అక్కడ ఎన్నడూ ఎవరూ నమోదు చేయని చెట్లు కనిపించాయి. వాటి అతి దగ్గరి బంధువులు కోట్ల ఏళ్లనాటి శిలాజాల్లోనే తెలుసు. ఎదిగిన చెట్లు వందలోపే. ఆ లోయ ఎక్కడో బయటకు చెప్పలేదు. కానీ దాచి ఉంచితే దొంగలు వెతుకుతారు. అందుకని ప్రభుత్వం మొక్కలు పెంచి అమ్మడమే మేలనుకుంది. 2005 అక్టోబరులో సిడ్నీ బొటానిక్ గార్డెన్‌లో 292 మొక్కలను వేలం వేస్తే పది లక్షల డాలర్ల పైన వచ్చింది. 2006 నుంచి అందరికీ అమ్మారు. అమ్మకంలో కొంత భాగం సంరక్షణకు పోయింది. 2019-20 కార్చిచ్చు ఆ లోయ దాకా వచ్చినప్పుడు హెలికాప్టర్లతో, నీటి పైపులతో ఆ చెట్లను ప్రత్యేకంగా కాపాడుకున్నారు.

ఇలా జరగని మొక్క మన కడియంలో ప్రతి నర్సరీలోనూ ఉంది. ఫాక్స్‌టెయిల్ పామ్. అపార్టుమెంట్ల గేట్ల దగ్గర, ఫంక్షన్ హాళ్ల ముందు నక్కతోక లాంటి ఆకులతో నిలబడేది. దాని సొంత ఊరు క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలో కేప్ మెల్విల్ రాళ్లగుట్టలు. 1983లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఆ నేలను ఎరిగిన వోడ్యెటి అనే ఆదివాసీ పెద్ద పేరే దానికి పెట్టారు. 1990ల మొదట్లో దాని గింజలకు ప్రపంచమంతా గిరాకీ పుట్టి, జాతీయ పార్కులో దొంగలు పడ్డారు. ఇప్పుడు పెంచిన చెట్లే కోకొల్లలు కాబట్టి ఆ బెడద పోయింది. రాజమండ్రిలో దాన్ని కొనే మనిషికి ఈ కథ తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు.

అసలు మన పల్లెల్లో ఆస్ట్రేలియా ఎప్పుడో వచ్చి కూర్చుంది. జామాయిల్ తోటలు వాళ్లవే. అరకు కాఫీ తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్ అసలు గ్రెవిలియా జాతి చెట్టు. ఆస్ట్రేలియా నర్సరీల్లో అదే సిల్వర్ ఓక్ మొదలు మీద సుకుమారమైన గ్రెవిలియాలను అంటు కడతారు.

మన దగ్గర కూడా ఇదే ప్రశ్న ఎదురైంది, మనం దాన్ని ఆలస్యంగా అడిగాం. రోడ్ల మధ్యన తొందరగా పచ్చబడుతుందని బయటి దేశాల నుంచి వచ్చిన కోనోకార్పస్‌ను తెలుగు రాష్ట్రాల రెండింటా వేలకు వేలు నాటారు. ఆరోగ్యానికి, పైపులైన్లకు హాని అన్న ఫిర్యాదులు వచ్చాక ఇప్పుడు కొట్టేయాలంటున్నారు. 2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖ బోసిపోయినప్పుడు ఏడాకుల పొన్న విరివిగా వేశారు. అది మన దేశపు చెట్టే. అయినా ఒకే జాతిని వీధి వీధినా నింపేసరికి, పూలు పూసే అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని జనం మొత్తుకుంటున్నారు. రెండుచోట్లా నర్సరీలో ఆ రోజు సిద్ధంగా ఉన్న మొక్కే నేలలోకి వెళ్లింది. ఏ రకం ఎన్ని, ఎక్కడ అన్నది రెండేళ్ల ముందు ఎవరైనా కూర్చుని రాసి కడియానికి ఆర్డర్ ఇచ్చి ఉంటే, కానుగ, పొగడ, వేప, నేరేడు, ఇప్ప, మోదుగ కలిపి పెంచి ఇచ్చే సత్తా మా నర్సరీలకు లేకపోలేదు.

తమ్ముడి ఇంటికి వద్దాం. జాబితా మొత్తం మార్చలేదు. గేటు పక్కన లొమాండ్రా ఇరవై ఉంచాం, లేఅవుట్ గడువుకు అది చాలు. లిల్లీ పిల్లీ తీసేయించాం. ఆ రేగడిలో, ఆ ఎండగాలిలో దానికి నీళ్లు పోస్తూనే ఉండాలి. మిగతా జాగా మీద మల్చ్ పరిచి ఖాళీగా వదిలాం. కంగారూ గడ్డి, పసుపు చామంతులు, ముర్నాంగ్ అన్నీ కలిపి తొంభై గొట్టాలకు ఆవిడ దగ్గర పేరు రాయించి వచ్చాను.

2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేల పైచిలుకు. అందులో చాలామంది కొత్త లేఅవుట్లలో ఇళ్లు కొంటున్నవారే. వారికి నా విన్నపం ఒకటే. ల్యాండ్‌స్కేపర్ జాబితా మీద సంతకం పెట్టేముందు, ఇందులో మా ఊరివి ఎన్ని అని అడగండి. మీ కౌన్సిల్ వెబ్‌సైటులో స్థానిక మొక్కల పట్టిక ఉందేమో చూడండి. ఇల్లు పునాదిలో ఉండగానే ట్యూబ్‌స్టాక్‌కు ఆర్డర్ ఇవ్వండి. మెల్‌బోర్న్ వైపు నాట్ల కాలం ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు.